రోములో తిరుపతి క్షవరం

తిరుపతి క్షవరం అనే మాట అందరూ వాడతారు గానీ అది చేసేవాడి తెలివి గురించి ఎవరూ ఆలోచించరు. రద్దీ రోజుల్లో కొండమీద కొందరు మంగళ్ళు వచ్చిన భక్తుడి తల తడిపి, నడినెత్తిన రెండు గీతలు గీసి, "కూసో సామీ, ఇప్పుడే వస్తా" అని ఇంకొకడిని పట్టుకోవడానికి పోయేవాళ్ళు. వాడికీ రెండు గీతలే. సగం గుండుతో భక్తుడు యాత్రకు పోలేడు, ఇంటికి పోలేడు, ఇంకో మంగలి దగ్గరికీ పోలేడు. కోపమొచ్చినా సరే, అక్కడే కూర్చుని ఎదురు చూడాల్సిందే.

మునిరామయ్య ఈ విద్యలో పండిపోయిన మనిషి. మాది పాకాల. మా ఇంట్లో అందరి పుట్టువెంట్రుకలూ తీసింది ఆయనే. నా తల సగం గీసి మజ్జిగ తాగడానికి పోయాడనీ, ఆయన తిరిగి వచ్చేదాకా నేను ఏడ్చి ఏడ్చి నిద్రపోయాననీ మా అమ్మ చెప్పేది. అయినా మా ఇంట్లో ఇంకో మంగలిని ఒప్పుకునేవాళ్ళు కాదు. ఆయన చెయ్యి అంత మెత్తన.

ఆయనకు ఒక్కడే కొడుకు, చెంగల్రాయుడు. తిరుపతిలో కొన్ని క్లాసులు చదివి, ఆ చదువు వల్ల తన చేతికి కత్తి పనికిరాదని తెలుసుకున్నాడు. ఇంకేమీ తెలుసుకోలేదు. యుద్ధం రాగానే పేరు చివర నాయుడని తగిలించుకుని పట్టాళంలో చేరాడు. మాది రైతు కుటుంబం, వేరుశెనగ పండిస్తాం, ఇంట్లో రెండు జతల ఎద్దులు అని రాయించాడు. ఎద్దు ముందు నిలబడితే అది పొడుస్తుందో నాకుతుందో తెలియని మనిషి.

కొడుకు నుంచి కబురు లేకపోయేసరికి మునిరామయ్యకు తోచలేదు. పట్టాళానికి మంగళ్ళు కావాలని తిరుపతిలో దండోరా వేస్తే, తెల్ల వెంట్రుక కనపడకుండా తన గుండు తానే గీసుకుని వెళ్ళి వరసలో నిలబడ్డాడు. "మావోడు పోయిన యుద్ధానికే నన్నూ పంపండి సామీ" అని అడిగాడట. ఆ ఆఫీసులో వాళ్ళు చాలాసేపు నవ్వారట. నవ్వితే నవ్వారు, ఓడలూ ఎడారులూ దాటించి చివరకు ఇటలీలో ఆ కొడుకు ఉన్న కంపెనీకే పంపారు. అందులో నేను లారీ డ్రైవర్ని.

ముసలాయన మూటతో దిగిన రోజు చెంగల్రాయుడి మొహం చూడాలి. తండ్రి రెక్క పట్టుకుని నా లారీ చాటుకు లాక్కుపోయాడు. నేను లారీ కిందే పడుకుని నట్లు బిగిస్తున్నానని వాడికి తెలియదు.

"ఎందుకొచ్చినావు నువ్వు? నేను మంగలోడి కొడుకునని తెలిస్తే నాకు రావాల్సిన లాన్స్ నాయక్ పట్టీ పోతాది. అబద్ధం రాయించినానని ఇంటికి తరిమేస్తారు. ఈడ నువ్వు నాకేమీ కావు. నన్ను కొడుకనొద్దు."

"అట్లే నాయనా" అన్నాడు ముసలాయన.

"మళ్ళీ నాయనా అంటావే!"

"మన పక్క పెద్దోళ్ళు పిలకాయలనంతా నాయనా అనే కదరా పిలుస్తారు. దానికేమి తప్పు ఉండాది? నువ్వు నన్ను అనొద్దులే. నేను అంటా."

ఆ ఒప్పందం అలా కుదిరింది. తండ్రి కొడుకును పదిమందిలో నాయనా అనవచ్చు. కొడుకు తండ్రిని అనకూడదు. లారీ కిందనుంచి బయటికొచ్చి వాడిని తన్నాలనిపించింది గానీ, ముసలాయన ఆ సాయంత్రమే ఎవరికీ చెప్పొద్దని నా గడ్డం పట్టుకుని బతిమాలాడు కాబట్టి నోరు మూసుకున్నాను.

ఆ రోజు నుంచి చెంగల్రాయ నాయుడు గారు కన్నతండ్రిని పేరు పెట్టి పిలవసాగారు. "ఏమప్పా మునిరామయ్యా, నీ కత్తి మొద్దుబారినట్టుండాదే!" అని అందరికీ వినపడేట్టు అనేవాడు. ముసలాయన "సానబెడతాలే నాయనా" అనేవాడు.

నలభై ఐదు ఫిబ్రవరిలో మాకు రోము చూసి రమ్మని ఒకరోజు సెలవిచ్చారు. లారీ నేను తోలాను. మా మీద పెద్ద హవల్దారు బాలసుబ్రమణ్యం, గుడియాత్తం మనిషి, తెలుగూ అరవమూ కలిపి మాట్లాడతాడు. కొడుకుకు పట్టీ రావాలంటే సిఫారసు చేయాల్సింది ఈయనే. అందుకని చెంగల్రాయుడు ఆయన పక్కనుంచి కదలలేదు. దారిలో ఎవడో చెప్పగా విన్న నాలుగు ముక్కలతో రోమునంతా తానే కట్టించినట్టు వివరించడం మొదలుపెట్టాడు. ముసలాయన వెనకాల నడుస్తూ, కొడుకు చెప్పేది వినడానికి మెడ చాచేవాడు. సంచి ఒకటి చంకలో ఉంది. అది తేవద్దని కొడుకు ముందురోజే కసిరాడు. మంగలి కత్తి లేకుండా ఊరు దాటడు అని ఈయన తెచ్చాడు.

మొదట గుండ్రటి పెద్ద కట్టడం దగ్గర ఆపాను. ఒక పక్క గోడలు ఆకాశానికి ఉన్నాయి, ఇంకో పక్క కూలిపోయి ఉన్నాయి.

"రెండువేల ఏండ్ల నాటిది హవల్దార్ సాబ్" అన్నాడు చెంగల్రాయుడు.

"ఒక పక్క బాగుండాది, ఇంకో పక్క లేదు" అన్నాడు మునిరామయ్య. "ఇది కూడా మన తిరుపతి క్షవరమే."

హవల్దారు పగలబడి నవ్వాడు. కొడుకు మొహం మాడిపోయింది. "నీకు తెలియని దాంట్లో నోరు పెట్టొద్దు మునిరామయ్యా" అన్నాడు.

తర్వాత వాళ్ళ పెద్ద గుడికి పోయాం. లోపల ఆ ఎత్తూ, ఆ బంగారమూ చూసి మునిరామయ్య చేతులు జోడించాడు. రాతి దేవుళ్ళందరికీ వరసగా దండాలు పెట్టాడు. చెప్పులు ఎక్కడ విడవాలో అడిగాడు, విడవక్కర్లేదంటే నొచ్చుకున్నాడు. బయటికొచ్చాక ఆయనకు ఒకే సందేహం మిగిలింది.

"ఇంత పెద్ద గుడి గదా నాయనా, ఈడ తలనీలాలు యాడ ఇస్తారు?"

"ఇయ్యరు. ఈడ అట్లాంటివి లేవు" అని కొడుకు పళ్ళు కొరికాడు.

"మొక్కులు లేని గుడి ఉంటాదా యాడైనా?"

మధ్యాహ్నం ఒక నీళ్ళ తొట్టి గట్టుమీద కూర్చుని రొట్టెలు తింటున్నాం. కొడుకు హవల్దారుకు సిగరెట్టు ముట్టిస్తున్నాడు. కాస్త దూరంలో రాతి బల్ల మీద మట్టిరంగు అంగీ తొడిగి, నడుముకు తాడు కట్టుకున్న సన్యాసి ఒకాయన ఎండకు కూర్చుని కునుకు తీస్తున్నాడు. నడినెత్తి నున్నగా గీసి ఉంది. చుట్టూ మాత్రం జుట్టు వదిలేశారు. వాళ్ళ మఠంలో ఆచారం అది. మునిరామయ్యకు ఆ సంగతి ఎవరు చెప్పారు? ఆయన కంటికి కనపడింది ఒకటే. ఎవడో మంగలి మధ్యలో గీసి, ఇంకో తల పట్టుకోవడానికి పోయి, తిరిగి రాలేదు. పాపం ఈ సామి ఎదురు చూసి చూసి నిద్రపోయాడు.

"ఉండాది! ఈడ కూడా ఉండాది!" అని గొణుక్కుంటూ లేచాడు. సంచిలోంచి గిన్నె తీసి తొట్టిలో ముంచాడు. మేము తిండి ధ్యాసలో ఉన్నాం. నేను తల తిప్పేసరికి సన్యాసి చెవి పైన జుట్టు తడిసి ఉంది, ఒక చార నున్నగా లేచిపోయి ఉంది. మునిరామయ్య చెయ్యి మెత్తనని చెప్పానుగా, ఆ మహానుభావుడు ఇంకా మేలుకోలేదు. రెండో చారకు చల్లటి నీళ్ళు మెడలోకి జారినట్టున్నాయి, కళ్ళు తెరిచాడు. ఎదురుగా నల్లటి గుండు ముసలాయన, చేతిలో తెరిచిన కత్తి. సన్యాసి పెట్టిన కేకకు పావురాలన్నీ లేచిపోయాయి. ఎర్రటోపీల మిలిటరీ పోలీసులు ఇద్దరు తుపాకులు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు.

అప్పుడు అరిచాడు చెంగల్రాయుడు. తుపాకులు చూసి ప్రాణం పోయినట్టు అరిచాడు.

"నాయనా! కత్తి కింద పెట్టు నాయనా!"

మునిరామయ్య కత్తి కింద పెట్టాడు. కానీ ఆయన చూపు పోలీసుల మీద లేదు, కొడుకు మీద ఉంది. ఆ మొహంలో భయం లేదు. పండగ ఉంది.

గొడవ సర్దడానికి హవల్దారుకు చాలాసేపు పట్టింది. ఇది మా దేశంలో పుణ్యకార్యమని, హత్య కాదని సైగలతో ఒప్పించాడు. సన్యాసి చెవి పైన తడుముకుని చూసుకున్నాడు. రెండు చారలు లేచిపోయిన తలతో మఠానికి ఎలా పోతాడు? చాలాసేపు తటపటాయించి, చివరికి నవ్వేసి మళ్ళీ బల్ల మీద కూర్చుని తల వంచాడు. మునిరామయ్య శుభ్రంగా గుండు చేశాడు. సన్యాసి ఆయన నెత్తిమీద చెయ్యిపెట్టి ఏదో దీవించి పోయాడు.

అప్పుడు హవల్దారు చెంగల్రాయుడి వైపు తిరిగాడు.

"ఏమప్పా, ఆయన్ని ఏమని పిలిచినావు? నాయనా అంటే మా ఇంట్లో నైనా. కన్నతండ్రే."

తండ్రి మొహంలో ఆ పండగ చూశాక కూడా చెంగల్రాయుడి నోట నిజం రాలేదు. "పెద్దాయన కదా అని..." అని నసిగాడు.

హవల్దారు ముసలాయన్ను చూశాడు. నేనూ చూశాను. ఒక్క మాట చెబితే పట్టీ పోతుంది.

"మా పక్క ముసలోళ్ళనంతా అట్లనే అంటారు సార్" అన్నాడు మునిరామయ్య. "నాకు కొడుకులు లేరు."

తిరుగు ప్రయాణంలో చెంగల్రాయుడు గండం గడిచినవాడిలా ఈల వేశాడు. కన్నవాడి నోటితోనే కొడుకులు లేరనిపించి ఈల వేశాడు వెధవ.

పట్టీ వచ్చింది. లాన్స్ నాయక్ చెంగల్రాయ నాయుడు. కర్నల్ దొర వచ్చి పట్టీలు ఇచ్చే పరేడు నాటి ఉదయం మేమంతా క్షవరానికి వరసలో నిలబడ్డాం. కంపెనీకి మంగలి ఒక్కడే. చెంగల్రాయుడు వరస దాటి వచ్చి పెట్టె మీద కూర్చున్నాడు. "కానీ మునిరామయ్యా, తొందర పని" అన్నాడు.

ముసలాయన క్షవరం మిషన్ తీసి వాడి తల కుడిపక్కంతా పొట్టిగా కత్తిరించాడు. వాడు ముద్దుగా నూనె రాసి పెంచుకున్న ఉంగరాల జుట్టు ఒళ్ళో పడింది. ఎడమపక్క ముట్టుకోలేదు. తువ్వాలు దులిపి, "కూసో సామీ, ఇప్పుడే వస్తా" అని నన్ను పిలిచి నా తల తడిపాడు.

నా తర్వాత ఇంకొకడు. తర్వాత ఇంకొకడు. చెంగల్రాయుడు మొదట కసిరాడు, తర్వాత బెదిరించాడు, తర్వాత బతిమాలాడు. "మునిరామయ్యా, బూగిల్ ఊదుతారప్పా!" ముసలాయనకు వినపడలేదు. ఎడమపక్క ఉంగరాలూ కుడిపక్క పొట్టి జుట్టూ పెట్టుకుని పట్టీ ఎలా అందుకుంటాడు? టోపీ పెట్టినా దాగదు. వరసలో వాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. హవల్దారు బాలసుబ్రమణ్యం గుడారం గుంజకు ఆనుకుని, చేతులు కట్టుకుని చూస్తున్నాడు. ఆయనొక్కడే కాదు, ఆ ముక్కూ ఈ ముక్కూ చూసి వాళ్ళు తండ్రీకొడుకులని కంపెనీ అంతా ఎప్పుడో కనిపెట్టింది. వాడి రహస్యం వాడొక్కడికే రహస్యం.

మైదానంలో బూగిల్ మోగింది. చెంగల్రాయుడు లేచి, మళ్ళీ కూర్చున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నాయనా" అన్నాడు, అందరికీ వినపడేట్టు. "రెండో పక్క కూడా చెయ్యి నాయనా."

మునిరామయ్య తను గీస్తున్నవాడి తలను మధ్యలో వదిలేసి వచ్చాడు. మిషన్ తుడిచి కొడుకు వెనకాల నిలబడ్డాడు.

"తల వంచు నాయనా" అన్నాడు.