సేఠ్‌కు చాపిన ఎడమ చెయ్యి

మొన్న ఉస్మాన్‌గంజ్ బజార్లో ఎండుమిర్చి ఘాటుకు తుమ్ముతుంటే నా ఎడమ చెయ్యి గుర్తొచ్చింది. బళ్లో స్కౌట్లలో చేరినవాళ్లకు తెలుసుగా: ఖాకీ నిక్కరు, మెడలో స్కార్ఫు, కరచాలనం మాత్రం ఎడమ చేత్తో.

యూనిఫాం వేసుకున్న మొదటిరోజే మా నాన్న దగ్గరికి పరుగెత్తాను. నాన్నను బాపు అనేవాణ్ణి; అక్కడి మిర్చి దుకాణంలో గుమాస్తా. గల్లాపెట్టె ముందు కూర్చున్న ముసలి సేఠ్‌కు సెల్యూట్ కొట్టి, ఎడమ చెయ్యి చాపాను.

బాపు మొహం పాలిపోయింది. నౌకరీ పోతుందనుకున్నాడు.

"మాఫ్ చెయ్యుండ్రి సేఠ్, పోరనికి తెల్వది."

సేఠ్ లేచి నిలబడ్డాడు. మిర్చిపొడి అంటిన ఎడమ చేతిని ధోతికి తుడుచుకుని నా చెయ్యి పట్టుకున్నాడు.

"నేను గూడ స్కౌట్‌నే బేటా. మా జమానాల నిజాం రాజ్యంల స్కౌట్లు వేరే ఉండె, బయట ఇంకేవో సంఘాలుండె. స్వతంత్రం వచ్చినంక అన్నీ కలిపి ఒకటి చేసిన్రు. చెయ్యి మాత్రం గిదే."

స్కౌట్ల సంఘం చరిత్ర మొత్తం మా సార్ బ్యాడ్జి పరీక్షకు బట్టీ పట్టించాడు. నాకు గుర్తు మిగిలింది సేఠ్ చెప్పిన ముక్కే.

 ఇంటికొచ్చాక బాపు మాత్రం కుడి చేత్తో ఒక్కటి అంటించాడు.