డంప్ ఫైలు చదివే తలుపులమ్మ

తలుపులమ్మ మాటలు చెప్పే మనిషైతే నాకు ఇంత బాధ ఉండేది కాదు. మా పనిలో మాటగాళ్ళను చాలామందినే చూశాను. మెడలో ట్యాగు, భుజాన ల్యాప్‌టాప్ బ్యాగు, నోటినిండా ఇంగ్లీషు. వాళ్ళను చూసి ఏనాడూ కుళ్ళుకోలేదు. వాళ్ళు చెప్పి వెళ్ళిపోయాక, చేయాల్సిన పని నా చేతికే వచ్చేది. ఈవిడ అలా కాదు. అడిగినదానికి జవాబు చెబుతుంది, లేదంటే తలవంచుకుని పని చేసుకుంటుంది. నేను ఎలా ఉంటే మంచి పనివాడిననిపించుకుంటానని ఇన్నేళ్ళూ అనుకున్నానో, ఆవిడ అచ్చంగా అలా ఉంది. నాకంటే బాగా ఉంది.

ఆవిడ పుట్టింది అంతర్వేది దగ్గర చేపలు పట్టుకునే వాళ్ళ పల్లెలో. తల్లి సుబ్బాయమ్మ లోవ వెళ్ళి అక్కడి అమ్మవారికి మొక్కుకుంటే పుట్టిందట, అందుకని ఆ అమ్మవారి పేరే పెట్టారు. పాలిటెక్నిక్‌లో హాజరు పిలిచేటప్పుడు క్లాసంతా నవ్వేదట. హైదరాబాద్‌లో కంపెనీలో చేరితే, కస్టమర్లకి నోరు తిరగదు, చిన్న పేరేదైనా పెట్టుకోమన్నారట. పెట్టుకోలేదు. ఎవరెవరో రాసిన ప్రోగ్రాములు ఎక్కడెక్కడో కూలిపోతే, ఎందుకు కూలిపోయాయో చూసి చెప్పడం ఆ కంపెనీ పని. తొమ్మిదేళ్ళు అదే చేసింది. భర్త శ్యాంబాబుకి తణుకులో ఐసు ఫ్యాక్టరీలో ఫిట్టరు ఉద్యోగం దొరికాక ఇద్దరూ ఇక్కడికి వచ్చేశారు. ఒక జిరాక్స్ షాపు మేడమీద గది అద్దెకు తీసుకుని, రెండు కంప్యూటర్లు పెట్టుకుని కూర్చుంది. బోర్డు కూడా పెట్టలేదు.

నా సంగతి వేరు. నేను యూపీఎస్‌లు బాగుచేస్తూ మొదలుపెట్టాను. అట్ట ఊడిపోయిన ఒక పుస్తకం ముందేసుకుని ప్రోగ్రాం రాయడం నేర్చుకున్నాను. తణుకు అవతల శివరామకృష్ణ గారి చెరుకు యార్డులో ఏడు కాటాలున్నాయి. ట్రాక్టరు కాటా ఎక్కితే బరువు చూసి, ఆకూ మట్టీ తరుగు తీసి, చీటీ కొట్టేది నా ప్రోగ్రామే. పన్నెండేళ్ళుగా నడుస్తోంది. తణుకులో నన్ను కాటా రాజు గారంటారు. అసలు పేరు వెంకటరాజని చాలామందికి తెలియదు.

ఈ సీజను మొదట్లో శివరామకృష్ణ గారు, షిఫ్టు అయ్యేసరికి ఏ రైతు చెరుకు ఎంత తూగిందో వాళ్ళ ఫోనుకి మెసేజ్ వెళ్ళాలన్నారు. రెండు నెలలు పడుతుందని చెప్పాను. ఆయన ఎవరి దగ్గరో విని తలుపులమ్మను పిలిపించారు. తొమ్మిది రోజుల్లో చేసి, నా ప్రోగ్రాం పక్కన తన ముక్క తగిలించి వెళ్ళింది. ఎక్కడా అతుకు కనపడలేదు. అతుకు కోసం మూడు రోజులు వెతికాను.

పది రోజులు గడిచాయో లేదో, మూడో నంబరు కాటా దగ్గర మధ్యాహ్నం రెండింటికి, సరిగ్గా షిఫ్టు మారే వేళకి ప్రోగ్రాం కూలిపోయింది. మళ్ళీ తెరిస్తే మళ్ళీ కూలింది. నేను వెళ్ళి ఆ షిఫ్టు రిపోర్టును పక్కకు తప్పిస్తే నడిచింది. మర్నాడూ అంతే. వారమంతా అలాగే జరిగి, ఆ తర్వాతి వారం ఏ గొడవా లేకుండా నడిచి, మూడో వారం మళ్ళీ మొదలైంది. యూపీఎస్ మార్చాను. ర్యామ్ మార్చాను. గది వేడెక్కుతోందని ఫ్యాను పెట్టించాను. ట్రాక్టర్లు గేటు దాటి రోడ్డు మీద నిలబడ్డాయి. ఎండకి చెరుకు ఎండితే తూకం తగ్గుతుంది. రైతులు ఊరుకుంటారా?

పల్లంరాజు అనే రైతు ట్రాక్టరు దిగి కిటికీ దగ్గరికి వచ్చాడు. "ఏంటండీ రాజు గారూ, మీ కంప్యూటర్‌కి కూడా భోంచేశాక కునుకు కావాలాండి? చెప్తే మేం కూడా ఓ మంచం తెచ్చుకుంటాం కదండీ."

వెనక నలుగురు నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ కోపంలోనే శివరామకృష్ణ గారితో అనేశాను. "పన్నెండేళ్ళు నడిచిన ప్రోగ్రామండి. ఆ మెసేజుల ముక్క తగిలించాకే పడిపోతోంది. అది పనిచేసేది కూడా షిఫ్టు మారినప్పుడే. ఇంక చెప్పాల్సిందేముందండి?"

ఆయన మర్నాడు పది గంటలకల్లా ఇద్దరినీ మూడో నంబరు కాటా గదికి రమ్మన్నారు. నిలబడే మాట్లాడారు. "నాకు కంప్యూటర్లు తెలీవు. తప్పు ఈ అమ్మాయి దాంట్లో ఉంటే మెసేజులు పీకేయించి పంపించేస్తాను. మీ దాంట్లో ఉంటే, రాజు గారూ, ఏమీ అనుకోకండి, ఏడు కాటాలూ ఈ అమ్మాయికి అప్పజెప్తాను. ఇవాళ రెండు గంటల షిఫ్టు లోపల తేలాలి."

"సరేనండి," అంది తలుపులమ్మ. నేను తలూపాను.

ప్రోగ్రాం కూలిపోయే క్షణంలో దాని మెమరీలో ఉన్నదంతా ఒక ఫైలులో రాసిపెట్టమని విండోస్‌కి ముందే చెప్పి ఉంచొచ్చు. దాన్ని డంప్ ఫైలంటారు. ఆవిడ అంతకు రెండు రోజుల ముందే ఆ ఏర్పాటు చేసి వెళ్ళింది. ఏ ఫంక్షను దేన్ని పిలిచింది, ఏ గడిలో ఏ అంకె ఉంది, ఆ ఒక్క క్షణం కదలకుండా అందులో ఆగిపోయి ఉంటుంది. డీబగ్గర్ అనే ప్రోగ్రాంతో దాన్ని తెరవాలి. తెరిస్తే అన్నీ అంకెలే. ఎక్కడ చూడాలో మనిషికి తెలియాలి. పన్నెండేళ్ళలో నేను ఒక్క డంప్ కూడా తెరవలేదు. అనుమానం వచ్చిన చోట ఒక మెసేజ్ పెట్టడం, నడిపించి చూడడం, ఇంకోచోట పెట్టడం, అదీ నా పద్ధతి.

ఆవిడ ఫైలు తెరిచి నా వైపు తిరిగింది. "రాజు గారండీ, ఈ ప్రోగ్రాం తయారుచేసినప్పుడు పక్కనే సింబల్ ఫైలు వచ్చి ఉంటుంది కదండి. ఉందాండి? ఉంటే అరగంట పని."

సింబల్ ఫైలంటే, ఏ చిరునామాలో నేను రాసిన ఏ ఫంక్షను ఉందో రాసి ఉండే ఫైలు. అది చూపిస్తే డీబగ్గర్ అంకెల బదులు పేర్లు చూపిస్తుంది. ఆ ప్రోగ్రాంతోపాటు అదేసారి పుట్టినదై ఉండాలి, మరొకటి పనికిరాదు. నేను బయటికిచ్చిన ప్రతి ప్రోగ్రాంకీ దాని సింబల్ ఫైలును తేదీ వేసి దాస్తాను. ఎందుకు పనికొస్తుందో తెలియకపోయినా, పని నేర్చుకున్న కొత్తలో దాయాలని చదివి దాస్తూ వచ్చాను. ఆ హార్డ్ డిస్క్ అప్పుడు నా బ్యాగులోనే, నా ఒళ్ళోనే ఉంది.

"ఎప్పుడో తీసేశానమ్మా," అన్నాను. "డిస్క్ నిండిపోతోందని."

"పర్లేదండి," అని స్క్రీను వైపు తిరిగింది.

ఆ తర్వాత రెండున్నర గంటలు ఆవిడ పక్కన కూర్చుని చూశాను. నాకు అప్పటికీ ఆశ ఉంది, ఆవిడ కనిపెట్టలేకపోతుందని. ముందుగా డీబగ్గర్ చూపించిన ఎర్రర్ నంబరును ఒక కాగితం మీద రాసుకుంది. "సున్నాతో భాగించారండి. కరెంటు కాదు, మెమరీ కాదు." నేను మార్చిన యూపీఎస్, ర్యామ్, ఫ్యాను, మూడూ ఆ ఒక్కమాటతో పోయాయి.

తర్వాత మెమరీలో ఏ ప్రోగ్రాం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో జాబితా తీసింది. కూలిన చోటు చిరునామా తీసుకుని కాగితం మీద తీసివేత చేసింది. ఇంకోసారి చేసింది. ఆ చిరునామా ఆవిడ ముక్కలో లేదు. నా ప్రోగ్రాంలో ఉంది. నాకూ కనిపించింది. ఆవిడ ఆ కాగితం మడిచి పక్కన పెట్టింది. గెలిచాననే నవ్వు ఆ ముఖంలో వస్తుందేమోనని చూశాను. నవ్వి ఉంటే నాకు కాస్త ఊరటగా ఉండేది.

పేర్లు లేవు కాబట్టి ప్రాసెసర్‌కి వెళ్ళిన ఆజ్ఞలనే ఒక్కొక్కటిగా చదవడం మొదలుపెట్టింది. పెన్నుతో స్క్రీను మీద ఒకచోట చూపించింది. "ఇక్కడ అరవై నాలుగుతో గుణిస్తున్నారండి. ఈ పదహార్ల లెక్కలో అరవై నాలుగంటే మన వంద. వందతో గుణించి, దేంతోనో భాగిస్తున్నారు. ఏదో శాతం కడుతున్నారండి."

తరుగు శాతం. ప్రతి చీటీకీ తరుగును వందతో గుణించి నికర బరువుతో భాగించి రిపోర్టులో వేసే లైను. నా వేళ్ళతో రాసిన లైను. నికర బరువు సున్నా అయితే ఏం చేయాలో రాయలేదు. కాటా ఎక్కిన ట్రాక్టరు సున్నా ఎలా తూగుతుంది? ఎవరు రాస్తారు?

ఇవేవీ పైకి అనలేదు. ఆవిడకి చెప్పాల్సిన అవసరం రాలేదు కూడా. ఆ లెక్క జరుగుతున్నప్పుడు చేతిలో ఉన్న చీటీ ఏదో చూద్దామని మెమరీలో ఆ చుట్టుపక్కల ఉన్నదాన్ని అక్షరాలుగా చూపించమంది. అంకెల మధ్య ఇంగ్లీషు అక్షరాల్లో ఒక రైతు పేరు తేలింది. ఆవిడ కాటా మీద కూర్చునే గణేష్‌బాబును పిలిచింది.

"గణేష్‌బాబు గారూ, ఈ భీమేశ్వర స్వామి ఎవరండి? ఊరు ద్రాక్షారామం అని ఉంది. బండి నంబరు లేదు. బరువు సున్నా."

గణేష్‌బాబు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "రైతు కాదండి మేడం. స్వామివారే."

"అంటే?"

"పొద్దుట డ్యూటీ పడినప్పుడు మొదటి చీటీ స్వామివారి పేరున కొడతానండి. మా నాన్నగారు రైసు మిల్లు కాటా దగ్గర అలాగే చేసేవారు. ఖాళీ కాటా మీద కొబ్బరికాయ కొట్టి, హారతిచ్చి, చీటీ కొట్టి పటం దగ్గర పెట్టేస్తాను. ఆ తర్వాతే బండి ఎక్కాలి."

"తరుగెంత వేస్తారండి?"

"స్వామివారికి తరుగేంటండి," అన్నాడతను, కాస్త నొచ్చుకుని.

అంతకుముందు పన్నెండేళ్ళూ ఆ కుర్చీలో కూర్చున్నది లాజరు. ఆయన పొద్దున్నే కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని, మొదటి ట్రాక్టరుకి మొదటి చీటీ కొట్టేవాడు. మెసేజులు మొదలైన వారానికే రిటైరయ్యాడు. ఆయన చోట వచ్చిన గణేష్‌బాబుకి వారం విడిచి వారం పొద్దుట డ్యూటీ. ఒంటిగంట కావస్తుండగా మొత్తం తేలిపోయింది. సింబల్ ఫైలు లేకుండా, నా సాయం లేకుండా, నేను అడ్డం కూర్చున్నా.

శివరామకృష్ణ గారు వచ్చారు. "తేలిందా అమ్మా?"

"తేలిందండి. బరువు లేని చీటీ ఒకటి ఉంటోంది. దానికి శాతం కట్టబోతే సున్నాతో భాగించాల్సి వచ్చి ప్రోగ్రాం ఆగిపోతోంది. ఒక్క లైను కలిపితే సరిపోతుంది. గణేష్‌బాబు గారు ఆ చీటీ మానక్కర్లేదండి."

"అది సరే. తప్పు ఎవరి దాంట్లో ఉంది?"

ఆవిడ మడిచిన కాగితం వైపు చూడలేదు. "డంపులో రాసినవాళ్ళ పేర్లు ఉండవండి. రెండూ కలిసి నడుస్తున్నాయి కదా, ఇద్దరం చూసుకుంటాం."

ఆయన నా వైపు చూశారు. నేను నోరు మూసుకుని కూర్చుంటే చాలు. ఏడు కాటాలూ నాకే ఉంటాయి. అలా కూర్చుందామనే అనుకున్నాను. కానీ పని ఆవిడకి వచ్చు, మాట పొదుపు ఆవిడకి తెలుసు, ఇప్పుడు ఈ పెద్దమనసు కూడా ఆవిడదేనా? ప్రతిరోజూ పొద్దున్నే ఆవిడ వదిలిపెట్టిన కాటాల దగ్గరికి నేను వెళ్ళాలా? ఆ ఊహ నాకు కాటాలు పోవడం కంటే కష్టంగా తోచింది. నిజాయితీ వల్ల చెప్పానని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ తప్పయినా నాది నాకు ఉండాలనిపించింది.

"నా ప్రోగ్రామేనండి," అన్నాను. "తరుగు శాతం లైను. రాసింది నేనే."

బ్యాగులోంచి హార్డ్ డిస్క్ తీసి ఆవిడ కీబోర్డు పక్కన పెట్టాను. "సింబల్ ఫైలు ఇందులో ఉంది. పొద్దుట లేదన్నాను. ఉంది."

శివరామకృష్ణ గారికి ఆ రెండో మాట అర్థం కాలేదు. తలుపులమ్మకి అర్థమైంది. నన్ను ఒక్క క్షణం చూసి, డిస్క్ తగిలించి, డంప్ మళ్ళీ తెరిచింది. ఈసారి అంకెలున్న చోట పేర్లు వరుసగా వచ్చాయి. షిఫ్టు మార్పు, దాని పైన రిపోర్టు తయారీ, దాని పైన తరుగు శాతం, పక్కన లైను నంబరు. నా ప్రోగ్రాం లోపల ఎలా ఉంటుందో అలా చూడడం నాకు అదే మొదటిసారి.

"ఫంక్షన్లకి పేర్లు చాలా శుభ్రంగా పెట్టారండి," అంది. "ఎవరూ ఇలా పెట్టరు."

ఎగతాళి అనుకుందామని చూశాను, కుదరలేదు. ఆవిడకి ఎగతాళి చేయడం రాదు.

శివరామకృష్ణ గారు మాట తప్పే మనిషి కాదు. ఏడు కాటాలూ ఆవిడకి వెళ్ళిపోయాయి. పాత ప్రోగ్రాంలో ఏదైనా తెలియకపోతే నన్ను ఫోన్లో అడుగుతుంది, దానికి డబ్బు ఎంత ఇవ్వాలో అడిగి మరీ ఇస్తుంది. రెండో నెలలో నేనే సిగ్గు విడిచి అడిగాను, డంప్ చదవడం నేర్పమని. గురువారాలు మధ్యాహ్నం రమ్మంది. వెళ్తున్నాను. ఆజ్ఞలు ఒక్కొక్కటిగా చదవడం ఇప్పుడిప్పుడే వస్తోంది. చెప్పిందే చెప్పినా విసుక్కోదు.

అయినా ఆ మేడ మెట్లెక్కే ప్రతిసారీ, ఆవిడకి అంతుబట్టని డంప్ ఒక్కటైనా స్క్రీను మీద ఉంటే బాగుండునని అనుకుంటూనే ఎక్కుతాను. పోయిన గురువారం ఉంది. కడియం నర్సరీ వాళ్ళ లోడింగు ప్రోగ్రాంది, నాలుగు రోజులుగా తేలడం లేదట. "మీరూ చూడండి రాజు గారూ," అని కుర్చీ పక్కకి జరుపుకుంది. కూర్చున్నాను. ఆవిడ కంటే ముందు నాకు కనిపించాలని సాయంత్రం ఐదు దాకా కళ్ళు ఆర్పకుండా చూశాను. మొదట ఆవిడకే కనిపించింది.