జర చూడున్రి

జహీరాబాద్‌లో ట్రాక్టర్ ట్రాలీలు చేసే ఒక చిన్న కంపెనీలో నేను క్వాలిటీ చూస్తాను. మాది భీమవరం వైపు. వచ్చిన కొత్తలో కూడా ఇక్కడి 'జర' నాకు వింతగా తోచలేదు. మేం 'కాస్త చూడండి' అన్నట్టే వీళ్లు 'జర చూడున్రి' అంటారు. ఆ కాస్తా, ఈ జరా మర్యాద కోసమే. పని చిన్నదని చెప్పడానికి కాదు.

నిరుడు మా టీములోకి ఒక ఏఐ వచ్చింది. షిఫ్టు దిగేవాళ్లు తమకు కనిపించిన లోపాలు ఫోన్లో చెబితే, అది రాసుకుని, అర్జెంటువి పైన, చిన్నవి కింద పెట్టి తర్వాతి షిఫ్టుకు ఇస్తుంది. మేం దిద్దే కొద్దీ నేర్చుకుంటుందన్నారు. బాగానే నేర్చుకుంది కూడా. ఇక్కడి యాస నాకంటే దానికే ముందు పట్టుబడింది.

ట్రాలీని ఎత్తే జాకీలను పరీక్షించే పెద్దాయన ఒకరున్నారు. రోజూ రాయికోడ్ నుంచి బస్సులో వస్తారు. ఒక సాయంత్రం ఆయన 'జర ఆ జాకీ చూడున్రి, దిగుతున్నది' అని ఫోన్లో చెప్పి ఇంటికెళ్లారు. ఏఐ దాన్ని 'జాకీ కొద్దిగా దిగుతోంది' అని రాసి అట్టడుగున పెట్టింది. అంత కిందిదాకా ఎవరూ చూడలేదు. మర్నాడు బాగు చేసే ఉంటారనుకుని ఆయన అదే జాకీతో ట్రాలీని ఎత్తి, దాని కిందికి వంగారు. జాకీ దిగిపోయింది. పక్కనున్న వెల్డరు చొక్కా పట్టి లాగకపోతే మనిషి దక్కేవారు కాదు. మోచేయి చీరుకుపోయి బయటపడ్డారు.

నాకు ఒళ్లు మండింది. కానీ మిషన్‌ను తిట్టి లాభమేముంది? అందరం కూర్చుని పాత రికార్డింగులన్నీ దానికి మళ్లీ వినిపించి, జర ఎక్కడ కొలతో, ఎక్కడ మర్యాదో దిద్దాం. నేర్చుకుంది. ఇప్పుడు అనుమానం వస్తే అదే తిరిగి అడుగుతుంది. మీటింగులో చప్పట్లు కొట్టారు. పెద్దాయన కూడా కొట్టారు.

కొన్నాళ్లకు ఆయన నా బల్ల దగ్గరికొచ్చి, "రేపు రాను. బిడ్డను దవాఖానకు తీస్కపోవాలె" అన్నారు. అంత ముక్కుసూటిగా అనేసరికి నా మీద కోపమొచ్చిందేమో అనుకున్నాను. తర్వాత తట్టింది. ఈమధ్య ఆయన ఎవరితోనూ, క్యాంటీన్‌లో చాయ్ అడిగేటప్పుడు కూడా, జర అనడం లేదు. నాకు బాధేసింది.

"జర అంటే ఏంటో మిషన్‌కు ఇప్పుడు తెలుసు కదండీ" అన్నాను.

"దానికి ఎర్కైంది మేడం" అన్నారాయన, మోచేయి తడుముకుంటూ. "నాకే ఆ మాట నోట్లకెళ్లి వస్తలేదు."