బడి తాళంచెవితో కుప్పానికి

రెండు వేల మూడో సంవత్సరం, ఆషాఢంలో రెండో శుక్రవారం, పొద్దున ఐదుంబావుకు మదనపల్లె బస్టాండులో పుంగనూరు బస్సెక్కాము. నేనూ, గొర్రెలు మేపే మునెప్పా, కానుకగా ఒక క్రేటు టమాటాలూ. మా ఊరి బడి హెడ్‌మాస్టరు సరోజమ్మ టీచరును కుప్పం నుంచి వెనక్కి పిలుచుకురావడానికి పోతున్నాము.

ఆమె ఎందుకు వెళ్ళిపోయిందో దాచను. బడి కమిటీకి చైర్మన్ని నేను. తాళంచెవి నా మొలతాడుకే ఉండేది. కోతల కాలంలో ఒకటో తరగతి గదిలో నా క్రేట్లు, వరండాలో మునెప్ప గొర్రెలు. పిల్లలేమో తోటల్లో కాయలు కోస్తుంటారు. ఆమె హాజరు పట్టీ చంకన పెట్టుకుని తోటలోకే వచ్చి పేర్లు పిలిచేది. సాళ్ళ మధ్య నుంచి పిల్లలు ప్రెజెంట్ మేడం అనేవాళ్ళు. అదీ ఓర్చుకుంది. తనిఖీకి వచ్చిన అధికారి కుర్చీ లేక క్రేటు మీద కూర్చున్నాడు. ప్యాంటు పాడైంది ఆయనకు, మెమో వచ్చింది ఆమెకు. ఆ సాయంత్రమే సెలవు చీటీ రాసి పుట్టింటికి పోయింది. అటుపక్కకే బదిలీ అడుగుతోందని విన్నాము. మాకున్నది ఆ ఒక్క టీచరే. ఆమె పోతే ఇంకొకరు రారు, బడి మూసేస్తారు. ముసలితనంలో నాకు అక్షరాలు దిద్దించింది కూడా ఆమే.

ఏడుకు పుంగనూరు. ఇడ్లీ బాగుంది, చట్నీ నీళ్ళు. పలమనేరు బస్సులో కండక్టరు క్రేటుకు టికెట్టు కొట్టి, యాడికని అడిగాడు. కుప్పానికన్నాను.

"కుప్పంలో టమాటాలకు కరువా? ఆడి నుంచే లారీల్లో పోతాండాయి గదప్పా."

బస్సంతా నవ్వింది. మేకపోతును తెద్దామంటే నువ్వే వినలేదని మునెప్ప గొణిగాడు.

పలమనేరులో కుప్పం బస్సు గంటన్నర ఆలస్యం. ఆ దారిన పోయేవాళ్ళు కుడిపక్క కిటికీ పట్టుకోండి, ఎడమపక్క ఎండ. వీకోట దాటాక పక్కనున్న అవ్వ మా సంగతి విని, ఎట్లా ఊరికే ఇచ్చేవే కదా అని రెండు కాయలు తీసి కొంగున కట్టుకుంది.

పన్నెండున్నరకు కుప్పం. రైల్వే స్టేషను వెనక వీధిలో ఇల్లు. టీచరు మజ్జిగ ఇచ్చి, క్రేటు వైపు చూసింది.

"ఇవి యాడ పెట్టి తెచ్చినారు?"

నేను నోరు తెరిచేలోపల మునెప్ప అందుకున్నాడు. "బళ్ళోనే మేడం. ఒకటో తరగతిలో సల్లగా ఉంటాయి."

లోపల వాళ్ళమ్మ నవ్వు వినిపించింది. టీచరు నవ్వలేదు. బదిలీ కోరే కాగితం చూపించి, సోమవారం ఆఫీసులో ఇచ్చేస్తానంది. పిల్లల సంగతేమని అడిగాను.

"తాళంచెవి ఎవరి దగ్గరుంటే బడి వాళ్ళది, చెంగప్పా. ఇన్నాళ్ళూ నేను మీ గోడౌన్లో పాఠం చెప్పినాను."

గోడవైపు తిరిగి మొలతాడు విప్పబోతే ముడి రాలేదు. వాళ్ళమ్మ కత్తెర తెచ్చిచ్చింది. కత్తిరించి, తాళంచెవి బల్ల మీద పెట్టాను. టీచరు దాన్ని తీసుకుంది. సోమవారం మొదటి బస్సుకు వస్తానంది. కాగితం మడిచి డబ్బాలో పెట్టింది. చింపలేదు.

మూడింటి బస్సుకు తిరిగి బయల్దేరాము. గెలిచినట్టే అనిపించింది. పలమనేరులో టీ తాగుతుంటే మునెప్ప అన్నాడు: "చెంగప్పా, బళ్ళో నీ నలభై క్రేట్లుండాయి గదా. రేపు మార్కెట్టుకు ఎట్ల తీస్తావు?"

మరిచేపోయాను. ఎదురుగా కుప్పం బస్సు నిలబడి ఉంది. పోయి ఒక కాలు మెట్టు మీద పెట్టాను కూడా. ఆమెను ఏమని అడగాలి? దిగి వచ్చి, చల్లారిన టీ తాగేశాను. తాళం పగలగొడదామా అన్నాడు మునెప్ప.

"కొడితే ఆ కాగితం డబ్బాలో నుంచి బయటికొస్తాది" అన్నాను.

సోమవారం పదింటికి టీచరు బస్సు దిగి తలుపు తీసింది. కుళ్ళిన కాయల వాసనకు ఊరి కుక్కలు కూడా దూరం జరిగాయి. నేనూ, మునెప్పా, నా భార్య లక్ష్మమ్మా క్రేట్లు మోస్తుంటే, ఆమె వరండాలో నిలబడి హాజరు పిలిచింది. గంగులప్ప, రెడ్డెమ్మ, శీన, యశోద, అమరావతి, మంజుల, నాగరాజ, చిన్నక్క, శంకర. తొమ్మిది మందీ పలికారు. పట్టీ మూస్తుందనుకున్నాను. మూయలేదు. "లక్ష్మమ్మ" అని పిలిచింది. "మునెప్ప" అని పిలిచింది. "చెంగప్ప" అని పిలిచింది.

నెత్తిన క్రేటు కారుతుండగా, ప్రెజెంట్ మేడం అన్నాను.