మిల్లు నుంచి వస్తున్న అబ్బాయి

ఆ రోజుల్లో నేను కాలేజీ కుర్రవాణ్ణి. వయసు అరవై ఏడే. కరోనా వచ్చి నాందేడ్‌లో దుకాణాలన్నీ మూతపడితే, యూరప్‌లోని ఒక మహా విశ్వవిద్యాలయంలో నూలుబట్టల చరిత్ర చదివాను. (ఫోనులో, ఎనిమిది వారాలు. ప్రవేశపరీక్షలో మొదటివాడినని మనవలకు చెప్పాను. అసలు పరీక్షే లేదు.) మొదటిరోజు 'మీరెవరు?' అన్న ప్రశ్న కింద దేశదేశాల పిల్లలు తమ గురించి రాస్తున్నారు. మా బట్టల దుకాణాల్లో ఒక ఆచారముంది: కొనవచ్చిన గిరాకీ అడిగినదాన్ని 'లేదు' అనకూడదు, 'మిల్లు నుంచి వస్తోంది' అనాలి. నలభై ఏళ్లు గద్దె మీద కూర్చుని అదే అన్నవాణ్ణి, నాకు లేనివాటిని లేవని ఎలా రాస్తాను? నాలుగువందల మగ్గాల మిల్లుందని రాశాను. ఫొటో అడిగితే నా పెళ్లినాటిది పెట్టాను. (మాది తువ్వాళ్లు, దుప్పట్ల దుకాణం. మగ్గం ఒక్కటీ లేదు.)

కెన్యా అమ్మాయి ఒకతె నన్ను 'మిల్లు అన్నయ్యా' అనేది. నేనేం రాసినా జవాబిచ్చేది. బజారుకు నేను సేఠ్‌ని, ఇంట్లో తాతని. అన్నయ్యా అని పిలిచేవాళ్లు ఎప్పుడో పోయారు. ఆ పిలుపు కోసమే పొద్దున్నే ఫోను తెరిచేవాణ్ణి.

ఆరోవారం పాఠం చెప్పే మేడం, "సోమవారం అందరూ కెమెరా తెరవాలి. మిల్లు అన్నయ్య మగ్గాలు చూపిస్తాడు" అని రాసింది. అన్నం సహించలేదు, కునుకు పట్టలేదు. మోసగాడని పేరు కొట్టేస్తే? ఆ అమ్మాయి నన్నింకేమని పిలుస్తుంది? ఉమ్రిలో మా తోడల్లుడి పత్తి జిన్నింగు ఫ్యాక్టరీలో బేళ్ల ముందు నిలబడదామంటే దార్లు మూసి ఉన్నాయి.

"ఏందయ్యా, చెమటలు కారవట్టినయ్. జరం గిట్ల అచ్చిందా?" అంది మా ఇంటావిడ. సంగతి చెప్పాను.

"నాలుగువందల మగ్గాలు యాడికెల్లి తెస్తవ్? నా పెట్టెల దాసినవా ఏంది?"

"గప్పుడు కరెంటన్న పోతే మంచిగుండు."

"మన కరెంటా? నీకు అక్కెర పడ్డదంటే అస్సలు పోదు."

అన్నట్టే పోలేదు. సోమవారం కెమెరా నొక్కాను. తెర మీద నా తెల్లమీసం, బట్టతల. మేడం మర్యాదగా నవ్వి, "తాతగారూ, మీ అబ్బాయిని పిలుస్తారా?" అంది.

అలవాటు చొప్పున నాలుక, "మిల్లు నుంచి వస్తున్నాడండీ" అనేసింది.

"సరే, వచ్చేవరకు గైర్హాజరు వేస్తాను."

"అన్నయ్య లేకపోతే క్లాసు క్లాసులా ఉండదు" అంది కెన్యా అమ్మాయి, నా మొహంలోకే చూస్తూ. నా కళ్ల ముందే నేను లేకుండా పోతున్నాను. వారంరోజుల భయమంతా ఆ క్షణం ముందు ఏపాటిది?

"మేడం, ఆ అబ్బాయి రాడు. వచ్చింది నేనే. మగ్గాలు లేవు, మిల్లు లేదు" అన్నాను. గిరాకీ ముందు 'లేదు' అనడం జన్మలో అదే మొదటిసారి. తెర మీద పద్దెనిమిది మొహాలు బిగుసుకుపోయాయి. (నెట్ ఆగిందని ఆశపడ్డాను. ఆగలేదు.)

చివరికి కెన్యా అమ్మాయి, "మరి ఏమున్నాయి, అన్నయ్యా?" అంది.

"తువ్వాళ్లున్నాయమ్మా" అని భుజం మీదిది తీసి చూపించాను. మేడం హాజరు వేసింది.

చదువు ముగిశాక వాళ్లిచ్చిన ధ్రువపత్రం, ఆ పెళ్లినాటి ఫొటోతోనే, ఇప్పుడు నా గద్దె వెనక వేలాడుతోంది. ఫొటో మార్చడం ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు. (తట్టింది.) మొన్న నాయ్‌గావ్ రైతొకాయన దుప్పట్లు చూస్తూ, "గీ పిలగాడు ఎవలు సేఠ్, నీ కొడుకా?" అనడిగాడు. ఆ నల్లమీసాన్ని కాసేపు చూశాను.

"మిల్లుకెల్లి వస్తుండు" అన్నాను. "కూసో."