అంకె పెరగని పిలుపు

నా చిన్నప్పుడు మా పెదనాన్న ఆదివారం వస్తే చాలు, పళ్ళయినా తోముకోకుండా రేడియో ముందు కూర్చుని, ఎక్కడున్నారో ఎవరో తెలియని మనుషుల్ని గాలిలోకి పిలిచేవాడు. అది పాటలు వినే రేడియో కాదు. అందులోంచి మనం మాట్లాడవచ్చు, అవతలివాళ్ళు పలికితే వినవచ్చు. ఆయన భిలాయి స్టీల్ ప్లాంటు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసేవాడు. పాత సామాను ఏరి తెచ్చుకుని, ఆ పెట్టెను తన చేతులతోనే కట్టుకున్నాడు. పరీక్ష రాసి లైసెన్సు కూడా తెచ్చుకున్నాడు. మా క్వార్టర్ డాబా మీద నుంచి వెనక సందులోని వేపచెట్టు దాకా ఒక రాగితీగ వేలాడుతూ ఉండేది. అదే ఆయన ఏరియల్. మా పెద్దమ్మ దాని మీద బట్టలు ఆరేయబోయి ఒకసారి చీవాట్లు తిన్నది.

మొదట్లో ఆయన సాయంత్రాలు కూడా మాట్లాడేవాడు. పక్కింటి భాభీ రేడియోలో నాటకం వింటుంటే నడుమ పెదనాన్న గొంతు దూరేదట. నాయిక ఏడ్చే చోట మీ జేఠ్‌జీ, అంటే మీ బావగారు, హలో హలో అంటున్నాడని ఆవిడ మా అమ్మ మీదికి దెబ్బలాటకు వచ్చింది. ఆ దెబ్బకు ఆయన సాయంత్రాలు మానేసి పొద్దుటి పూటకు మారాడు.

ఈ సరదా ఉన్నవాళ్ళకు దూరాలతో మాట్లాడడం ఒక పిచ్చి. మాట్లాడాక ఇద్దరూ పోస్టులో ఒకరికొకరు కార్డు పంపుకోవాలి. ఆ కార్డే రుజువు. అలా వంద వేర్వేరు చోట్ల నుంచి కార్డులు వస్తే అమెరికాలోని ఒక రేడియో సంఘం సర్టిఫికెట్ ఇస్తుంది. ఏది వేరు చోటో ఏది కాదో చెప్పే జాబితా కూడా ఆ సంఘం దగ్గరే ఉంటుంది. అప్పట్లో ఒక్కో చోటును కంట్రీ అనేవారు, ఇప్పుడు ఎంటిటీ అంటున్నారట. పెదనాన్నకు చాలా ఏళ్ళు పట్టింది. నాకు పదో ఏడు నడుస్తుండగా ఆయన బిస్కెట్ డబ్బాలో సరిగ్గా వంద కార్డులు చేరాయి. నూరోది పోర్ట్ బ్లెయిర్ నుంచి వచ్చింది. అండమాన్లో రేడియోకు అనుమతి దొరకడం కష్టం కాబట్టి ఆ కార్డు కోసం చాలామంది కాచుకుని ఉండేవారు. జాబితాను శుభ్రంగా రాసి, కార్డులతో కలిపి రిజిస్టర్ పార్సిల్లో పంపాలి. నా దస్తూరీ బాగుంటుందని ఆ పని నాకు అప్పజెప్పాడు. ఆ గర్వంతో నేను నేల మీద నడిచానని చెప్పలేను.

సరిగ్గా అప్పుడే మేము వేరుపడ్డాం.

గొడవేమీ కాదు. రెండు గదుల క్వార్టర్లో తొమ్మిదిమందిమి ఉండేవాళ్ళం. మా నాన్నకు వేరే సెక్టార్లో క్వార్టర్ వచ్చింది. శ్రీకాకుళం నుంచి నాన్నను తీసుకొచ్చి, చదివించి, ప్లాంటులో చేరేదాకా వెనకుండి నడిపించినది పెదనాన్నే. అందుకే సామాను రిక్షా ఎక్కేటప్పుడు అందరి కళ్ళూ చెమర్చాయి గాని, ఎవరూ ఎవర్నీ ఒక్క మాట అనలేదు. అసలు చిక్కు తరవాత వచ్చింది. తాతయ్య తద్దినం దగ్గర పడుతోంది. అన్నాళ్ళూ పెదనాన్న పెట్టేవాడు, నాన్న పక్కన కూర్చునేవాడు. ఈసారి నాన్న క్యాంప్ 2 బస్తీలో మా తెలుగువాళ్ళకు కర్మలు చేయించే పురోహితుణ్ణి అడిగాడు. పొయ్యి వేరయ్యాక ఎవరి తద్దినం వాళ్ళే పెట్టుకోవాలని ఆయన చెప్పాడు. నాన్న సరేనని వచ్చేశాడు, అన్నతో ఒక మాట అనుకోకుండా.

ఆ కబురు పెద్దమ్మ చెవిన పడింది. మామగారిని కూడా పంచేసుకున్నారా అని ఆవిడ మా అమ్మ దగ్గర కళ్ళు తుడుచుకుంది. పెదనాన్న ఏమీ అనలేదు. ఆయన అనకపోవడమే నాన్నకు ముల్లులా గుచ్చుకుంది. ముఖం చెల్లక అటు వెళ్ళడం మానేశాడు. రెండు వారాలు అన్నదమ్ములు మాట్లాడుకోలేదు. ప్లాంటులో ఎదురుపడితే తల ఊపి వెళ్ళిపోయేవారని మా అన్నయ్య ఎక్కడో విని చెప్పాడు. సందులో ఆడవాళ్ళు నన్ను ఆపి, మీరు వేరైపోయారటగా అని అడిగేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది. నా భయం ఒకటే. ఇక పెదనాన్న మనిషిని నేను కానేమో.

జాబితా రాయడానికి ఆదివారాలు నన్ను మాత్రం పంపేవారు. రాస్తుంటే ఆ పేర్లు చూసి నాకు మండింది. ఇండియా ఒక వరసలో, అండమాన్ ఇంకో వరసలో. అమెరికా ఒక చోట, హవాయి ఒక చోట, అలాస్కా మరో చోట. స్పెయిన్ నుంచి కానరీ దీవుల్ని, పోర్చుగల్ నుంచి అజోర్స్‌ను విడదీసేశారు. మా బడి అట్లాసులో అవన్నీ ఒకే రంగులో ఉన్నాయి. వీటిని వేరుచేయడానికి వాళ్ళెవరు అనుకున్నాను. ఆ అయిదు పేర్లూ రాయలేదు. ఆ అయిదు కార్డుల్నీ వాటి అసలు దేశాల కార్డుల వెనక పెట్టి రబ్బరు బ్యాండు వేసేశాను. ఎంతో న్యాయం చేశాననుకున్నాను.

పార్సిల్ కట్టే రోజు పెదనాన్న జాబితా తీసి వేలు పెట్టి లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. తొంభై అయిదు దగ్గర ఆగిపోయాడు. ఏళ్ళ తరబడి పొద్దున్నే లేచి కూర్చున్న మనిషి. జాబితాను నా వైపు తిప్పాడు.

"ఏటమ్మా ఇది? అయిదు ఎక్కడికెళ్ళిపోయాయి?"

"అవి వేరు కాదు పెదనాన్నా," అన్నాను. ఆ మాట అనగానే ఏడుపు ముంచుకొచ్చింది. అండమాన్ మనదేగా, ఎందుకు వేరంటావు, మేము కూడా వేరని అందరూ అంటున్నారు, నాన్న తద్దినం వేరే పెడతాడట, ఇక నువ్వు మాకేమీ కావా అని అంతా కలిపి కక్కేశాను. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. పెద్దమ్మ వింటున్నదని తెలిసింది.

పెదనాన్న తిట్టలేదు. రబ్బరు బ్యాండ్లు ఒక్కొక్కటే విప్పాడు. నేను వెంట తెచ్చుకున్న అట్లాసే తీయమని, ఒక దారం ముక్క నా చేతికిచ్చి, మన ఒడ్డు నుంచి అండమాన్ దాకా కొలవమన్నాడు. నడుమ ఇంత సముద్రం ఉంటే వేరుగా లెక్కపెట్టాలని ఆ సంఘం ఒక కొలత పెట్టుకుందట. అలాస్కాకు సముద్రం అడ్డం కాదు, నడుమ కెనడా నేల ఉంది, అందుకని వేరు. ఇంగ్లండు, స్కాట్లండు ఒకే రాణి కింద ఉన్నా జాబితాలో రెండు. మన శ్రీకాకుళం ఇక్కడికి ఎంతో దూరం, అక్కడి భాష వేరు, అయినా భిలాయీ శ్రీకాకుళమూ కలిపి ఒకటే. సిక్కిం ఒకప్పుడు విడిగా ఉండేది, దేశంలో కలిశాక ఆ పేరు కొట్టేశారు. ఇవన్నీ ఓపిగ్గా చెప్పాడు. ప్రేమ చూసి గాని, పోట్లాట చూసి గాని ఆ జాబితా రాయలేదని చెప్పాడు. నేను దారం పట్టుకుని ముక్కు ఎగబీలుస్తూనే ఉన్నాను. నాకు సగమే అర్థమైంది.

అది గమనించాడేమో, పార్సిల్ పక్కన పెట్టేసి రేడియో వెలిగించాడు. లైసెన్సు లేనివాళ్ళు మాట్లాడకూడదు, వినవచ్చు. నన్ను పక్కన పీట మీద కూర్చోబెట్టి, పోర్ట్ బ్లెయిర్ ఆయన్ని పిలవడం మొదలుపెట్టాడు. నాకు ఆశ్చర్యమేసింది. ఒకసారి కార్డు వచ్చిన చోటుతో మళ్ళీ ఎన్నిసార్లు మాట్లాడినా అంకె పెరగదు. మామూలుగా ఆయన అలాంటి స్టేషన్లు వినపడితే దాటేసి కొత్తవాటిని వెతికేవాడు. ఆ రోజు మాత్రం చాలాసేపు పిలిచాడు. గరగరలో నుంచి జవాబు వచ్చింది. ముందు ఇంగ్లీషులో పేర్లూ సిగ్నల్ సంగతీ అయ్యాయి. ఆ తరవాత ఆ సముద్రం అవతలి మనిషి మా నాయనమ్మ మాట్లాడినట్టే మాట్లాడాడు.

"ఏటండీ బాబూ, నా కార్డు అందనేదా? పంపీసి చాన్నాళ్ళయింది."

"అందిందండి. కార్డు కోసం కాదు. ఎలగున్నారో అడుగుదామని పిలిచాను."

అవతలి ఆయన, కార్డు అందాక పిలిచినవాళ్ళు మీరొక్కరే అన్నాడు. ఉద్యోగానికి వచ్చిన మా టెక్కలివైపు మనిషట. అక్కడ వానల సంగతి చెప్పాడు. మా ప్లాంటు సంగతి అడిగాడు. ఇంతే. గొప్ప మాటలేమీ కావు.

స్విచ్ ఆపేసి పెదనాన్న నా వైపు తిరిగాడు. "జాబితాలో వేరే అమ్మా. అది నిజమే, కొట్టీకు. కాని వేరని రాసినోళ్ళు పిలవొద్దని రాయనేదు." ఆ మాట నాతోనే అన్నాడో, వంటింట్లోని పెద్దమ్మకు కూడా వినబడాలని అన్నాడో, తనకు తానే చెప్పుకున్నాడో ఇప్పటికీ తెలియదు. ఆ అయిదు పేర్లూ నా చేత రాయించాడు. నా కన్నీటి చుక్క పడి ఒక పేరు అలుక్కుపోతే, ఫరవాలేదు, అమెరికావాళ్ళకు కళ్ళజోళ్ళుంటాయి అన్నాడు. మర్నాడు దుర్గ్‌లోని పెద్ద పోస్టాఫీసుకు వెళ్ళి పార్సిల్ వేసి వచ్చాడు. కొన్ని నెలలకు సర్టిఫికెట్ వచ్చింది, గోడకు మేకు కొట్టి తగిలించుకున్నాడు.

తద్దినం రోజు మా క్వార్టర్లో నాన్న మొదటిసారి ఒంటరిగా పీట మీద కూర్చున్నాడు. మంత్రం మధ్యలో రెండుసార్లు తడబడి పక్కకు చూశాడు. అక్కడ ఎవరూ లేరు. అంతా అయ్యాక అమ్మ వడ్డిస్తే నాలుగు మెతుకులు కతికి లేచిపోయాడు. మధ్యాహ్నం రెండు దాటాక, ఎండకు తారు కరుగుతున్న వేళ, గేటు దగ్గర సైకిల్ బెల్లు మోగింది. పెదనాన్న. తన ఇంట్లో తద్దినం ముగించుకుని, విభూతి చెరగకుండానే, రెండు సెక్టార్లు దాటి తొక్కుకుంటూ వచ్చాడు. నాన్న చెప్పులు లేకుండా వాకిట్లోకి పరుగెత్తాడు.

"ఈ ఎండలో ఎందుకొచ్చీసావు అన్నయ్యా?"

"నీది సరిగ్గా జరిగిందో నేదో చూడొద్దా?"

తద్దినం పెట్టిన కర్త ఆ రోజు ఇంకొకరింట తినకూడదు. అమ్మ గారెలు పెట్టబోయి చేయి వెనక్కి తీసుకుంది. పెదనాన్న నవ్వి మంచినీళ్ళు అడిగాడు. సిమెంటు గట్టు మీద అన్నదమ్ములిద్దరూ గంటసేపు కూర్చున్నారు. షిఫ్టుల సంగతి, ఊళ్ళో బావ కొడుకు పెళ్ళి సంగతి మాట్లాడుకున్నారు. తద్దినం ప్రస్తావన ఇద్దరూ మళ్ళీ తేలేదు. నాన్న నడుమ నడుమ తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ ఉన్నాడు. చెమట అంత పట్టలేదని నాకు తెలుసు. ఆ తరవాత కూడా రెండిళ్ళలో రెండు తద్దినాలే జరిగాయి. ప్రతి ఏడూ మధ్యాహ్నానికి పెదనాన్న సైకిల్ వచ్చేది. ఆయన మోకాళ్ళు అరిగాక నాన్న స్కూటర్ అటు వెళ్ళేది.

ఇద్దరూ పోయి చాలాకాలమైంది. మేము ఇప్పుడు భిలాయిలోనే వైశాలి నగర్‌లో ఉంటున్నాం. కిందటేడు మా కోడలు మేడ మీద వేరే వంట పెట్టుకుంది. తప్పేమీ లేదు, దాని ఉద్యోగం వేళలు వేరు, నా నోరు కొంచెం పెద్దది. పొరుగువాళ్ళు, మీరూ వేరైపోయారా దీదీ అని జాలిగా అడిగారు. అవును, రెండు వంటిళ్ళే అన్నాను. ఆ రాత్రి నాకూ గుండె బరువెక్కింది. కొడుకూ కోడలూ కిందికి వస్తారని మర్నాడు పదింటి దాకా గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాను. తరవాత లేచాను. రెయిలింగ్ పట్టుకుని, మెట్టుకొకసారి ఆగుతూ పైకి వెళ్ళాను. తలుపు తీసిన కోడలు కంగారుగా ఏం కావాలి అత్తయ్యా అంది. ఏమీ వద్దు, ఎలా ఉన్నారో చూద్దామని వచ్చాను అన్నాను. అది నా కోసం కుర్చీ జరిపింది.

ముందుగా వెళ్ళాల్సింది పెద్దవాళ్ళే. పెదనాన్న ఆ మాట నాకు చెప్పలేదు. ఎండలో సైకిల్ తొక్కుకుంటూ వచ్చాడు, అంతే.