బావ పెన్నులు, అక్క ఎత్తు

మా వీధిలో మా బావ చేసిన పెన్ను లేని జేబు లేదు. మందుల షాపతని చొక్కాకి ఒకటి, స్కూలు బస్సు డ్రైవరు చెవి వెనక ఒకటి, నా కుట్టు మిషను సొరుగులో ఒకటి. అన్నీ చెక్క పెన్నులే, అన్నీ ఒకే ముదురు ఎరుపు. పుచ్చుకున్న ప్రతివాళ్ళం "నా కోసం ప్రత్యేకంగా చేశాడు" అని చెప్పుకు తిరిగేవాళ్ళం. పెన్ను అందనిది ఒక్క మా అక్కకే. అంటే ఆయనగారి సొంత భార్యకే.

ఆ మాట అక్క ఎప్పుడూ పైకి అనలేదు. అనడానికి ఆవిడకి వేరే మాటలు బోలెడుండేవి.

బావ ఉద్యోగం చేసినన్నాళ్ళూ లిఫ్టు మెకానిక్కు. రిటైరై ఇంట్లో కూర్చున్న మొదటి వారంలోనే, బాగా పనిచేస్తున్న ఫ్రిజ్జుని విప్పాడు. మళ్ళీ బిగించాక రెండు మరలు మిగిలాయి. ఫ్రిజ్జు మాత్రం ఎప్పటిలా పనిచేస్తోంది. ఆ మరలు ఎక్కడివో ఈరోజుకీ తెలీదు. ఇక ఇంట్లో దేనికీ రక్షణ లేదని తేలిపోయి, అక్కే చిన్న లేతు మెషిను కొనుక్కోమని సలహా ఇచ్చింది. ఆ తర్వాత ఆ సలహా ఎవరిచ్చారని ఎవరైనా అడిగితే నా పేరు చెప్పేది.

లేతు వెనక వరండాలో వెలిసింది. పోస్టులో పెన్ను కిట్లు రావడం మొదలయ్యాయి. కిట్టంటే ఒక బుల్లి సంచీ. అందులో రెండు ఇత్తడి గొట్టాలు, మొన తొడుగు, క్లిప్పు, రీఫిలు, తిప్పితే రీఫిలుని బయటికీ లోపలికీ నడిపే మర. చెక్క ఒక్కటే మనది. రెండు ముక్కలు కోసి, నిలువునా తొలిచి, గొట్టాలకి జిగురు రాసి దూర్చి, లేతు మీద గిరగిరా తిరుగుతుంటే ఉలితో చెక్కి, నున్నగా రుద్ది, చివరికి ఆ భాగాలన్నీ ఒక్కొక్కటే అదిమి దిగేస్తే పెన్ను.

"సగం పని వాళ్ళే చేసి పంపుతున్నారు. మిగతా సగం ఈయన చెడగొడుతున్నారు," అనేది అక్క. పొట్టు ఊడ్చేది ఆవిడే గనక ఆ మాత్రం అనే హక్కుంది.

ఇలా ఉండగా అక్కకి ఒక బెంగ పట్టుకుంది. వంటింటి అటక మీది డబ్బాలు అందడం లేదు. స్టూలెక్కితే ఇదివరకు భుజాల దగ్గరుండే అటక నుదుటికొచ్చింది, కొన్నాళ్ళకి నెత్తి దాటిపోయింది. "ఏమండీ, నేను పొట్టిదాన్నయిపోతున్నానా?" అని అడిగింది. బావ పేపర్లోంచి తల ఎత్తకుండా "వయసు కదా" అన్నాడు.

పాపం, అక్క నమ్మింది. ఎముకల బలానికి మాత్రలు మింగింది. ఎవరో చెప్పారని పొద్దునా సాయంత్రం తలుపు పైచట్రం పట్టుకుని వేలాడింది. ఒకసారి నేను చూసి పగలబడి నవ్వితే, వేలాడుతూనే తిట్టింది. అయినా అటక అందలేదు. ఇక లాభం లేదని డాక్టరు దగ్గరికెళ్ళింది. ఆయన గోడకి నిలబెట్టి కొలిచి, పాత కాగితాలు తిరగేశాడు.

"వెంట్రుకవాసి కూడా తగ్గలేదమ్మా. మీ ఇంట్లో అటకే పెరిగిందేమో చూసుకోండి," అన్నాడు.

అక్క నేరుగా నా కుట్టు కొట్టుకొచ్చింది. మాటా పలుకూ లేకుండా నా మెడలో టేపు లాక్కుంది. టేపుతో పాటు నేనూ వెళ్ళాను. వంటింట్లో స్టూలు బోర్లించి చూసింది. ఒకప్పుడు నా తొడల దాకా ఉండే స్టూలు మోకాలి కిందికొచ్చింది. కాళ్ళ మధ్య అడ్డకర్రలు ఎప్పుడు మాయమయ్యాయో ఎవరూ గమనించలేదు. నాలుగు కాళ్ళూ సరిసమానంగా కోసి, ఉప్పు కాగితంతో నున్నగా రుద్ది, అడుగున రబ్బరు తొడుగులు కూడా వేసి ఉన్నాయి. దొంగతనంలో కూడా మా బావ పని శుభ్రం.

కాస్త కాస్త, నాలుగు కాళ్ళూ ఒకేలా కోస్తూ వచ్చాడు కాబట్టి స్టూలు ఏనాడూ గంతులేయలేదు. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. వీధి వీధంతా ఎర్ర పెన్నులతో రాస్తోంది, వంటింట్లో ఎర్ర స్టూలు కుంగిపోతోంది. ఒక్కరికైనా బుర్ర వెలగలేదు. నాతో సహా.

అక్క ఒంటికాలి మీద లేచింది. "కోసినందుకు కాదే నా ఏడుపు! వయసన్నాడు చూడు మీ బావ! మాత్రలు మింగుతుంటే నీళ్ళు తెచ్చిచ్చాడే! తలుపుకి వేలాడుతుంటే జాగ్రత్తన్నాడే!"

బావ వరండా గుమ్మంలో నిలబడి చొక్కాకంటిన పొట్టు దులుపుకున్నాడు. రేపు పొద్దున పాత సామాన్లతను వచ్చేసరికి లేతు వీధి గుమ్మంలో ఉండాలని అక్క తీర్పు చెప్పింది. ఆవిడ తీర్పుకి పై కోర్టు లేదు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. ఓదార్చడానికని చెప్పుకున్నాను గానీ తమాషా చూడ్డానికే. బావ లేతు దగ్గరే ఉన్నాడు. చేతిలో రెండు చెక్క ముక్కలు, తళతళలాడుతూ.

"ఇంకా సిగ్గు లేదూ బావా? ఇదెవరికి?"

"మీ అక్కకి."

"ఇన్నాళ్ళకి గుర్తొచ్చిందా?"

"మొదట్నుంచీ అన్నీ మీ అక్కకే మొదలెట్టాను," అన్నాడు మెల్లగా. "ఆ స్టూలు మామూలుది కాదు. మీ అక్క పనిచేసిన లైబ్రరీది. అక్కడ లిఫ్టు బాగుచెయ్యడానికెళ్ళినప్పుడు దాని మీద నిలబడి పుస్తకాలు సర్దుతోంది. నేను లిఫ్టు గుంటలోంచి తలుపు తీసి చూస్తే ముందు కనబడింది ఆ స్టూలే. తర్వాత పాదాలు. ఆ తర్వాత తిట్లు. ఆవిడ ఉలిక్కిపడి జారవిడిచిన పుస్తకం నా నెత్తి మీద పడింది, దెబ్బ నాకు తగిలింది, తిట్లూ నాకే. లైబ్రరీ వాళ్ళు పాత సామాను తీసేస్తుంటే ఆవిడే ఇంటికి మోసుకొచ్చింది. ఆ కర్రతో ఒక మంచి పెన్ను చేసిద్దామని కోశాను. చెడింది. మళ్ళీ కోశాను. మళ్ళీ చెడింది."

నాకు అప్పుడు తట్టింది. "అయితే మా అందరికీ ఇచ్చినవీ?"

బావ లేతు వైపు తిరిగిపోయాడు.

మందుల షాపతని పెన్నులో పగులుంది, జిగురుతో పూడ్చినది. డ్రైవరు పెన్ను క్లిప్పు పక్కకి తిరిగి ఉంటుంది. నా పెన్నులో పై ముక్క తలకిందులై, చెక్క చారలు కిందివాటితో కలవవు. అదొక డిజైనని నేను పదిమందికి చెప్పాను! నా ఒళ్ళు మండింది. అయితే మండుతున్నప్పుడే ఎందుకో ఆ మనిషి మీద నాకు ఉన్నట్టుండి చాలా ఇష్టం కలిగింది.

"అక్కకి చెప్పొచ్చుగా!"

"సరైనది చేతిలో పెట్టి చెబుదామని. ఇదే ఆఖరి కర్ర. ఇక కోస్తే అది స్టూలు కాదు, పీట. ఆ మర ఒక్కటీ దిగితే అయిపోయినట్టే. ఎక్కువ దిగితే రీఫిలు మొన లోపలికి పోదు. తక్కువ దిగితే బయటికి రాదు."

వీధిలో పాత సామాన్లతని కేక వినబడింది. నేను పరుగున వెళ్ళి అడ్డం నిలబడ్డాను. అతని చొక్కా బొత్తాం ఒకటి వేలాడుతోంది. "అయ్యో, ఇలా తిరుగుతావా ఊరంతా?" అని, వద్దంటున్నా సూదీ దారం తీసి, చొక్కా ఒంటి మీద ఉండగానే కుట్టడం మొదలెట్టాను. మెడ దగ్గర సూది ఉంటే ఏ మనిషీ కదలడు. అంత నిదానంగా నేను జీవితంలో ఏ బొత్తామూ కుట్టలేదు.

"అమ్మగారూ, అయిందా?"

"కదలకు, గుచ్చుకుంటుంది."

కానీ అక్క చెవులు పాము చెవులు. "ఏమండీ! అతనొచ్చాడు! లేతు బయటికి తీస్తారా, నన్ను తియ్యమంటారా?" అని వంటింట్లోంచి ఒక్క అరుపు అరిచింది.

వరండాలో టక్కుమంది. బావ అదాటున గట్టిగా నొక్కేసరికి, మర అవసరానికి మించి దిగిపోయింది.

నేను వెళ్ళేసరికి పెన్ను పట్టుకుని తిప్పుతున్నాడు. మొన బయటే ఉంది. ఎటు తిప్పినా బయటే. చారలు మాత్రం పైనుంచి కిందికి ఒకే గీతలా కలిశాయి. బావ ముఖం చూడలేకపోయాను.

అక్క వచ్చింది. పెన్ను చూసింది. ఆయన చెప్పేలా లేడని నేనే స్టూలు సంగతి, పాదాల సంగతి, చెడిపోయిన పెన్నుల సంగతి గబగబా చెప్పేశాను. అక్క మెడ చాచి, చారలు కలిసిన చోటు చూసింది. అక్క తిట్లు మరిచిపోవడం నేను పుట్టాక అదే మొదటిసారి.

"ఇదీ చెడింది," అన్నాడు బావ. "పక్కింటాయనకిచ్చేస్తాలే."

"ఇచ్చి చూడండి!" అక్క పెన్ను లాక్కుని జాకెట్లో దోపుకుంది. బయటే ఉన్న మొన అక్కడికక్కడే ఒక నీలం చుక్క పెట్టింది. "ఊరందరికీ ఇస్తారు, నాకు మాత్రం మంచిది కావాలా? నేనడిగానా మంచిది? ఇన్నాళ్ళూ ఆ మందుల షాపతని జేబు చూసి కుళ్ళుకున్నాను తెలుసా?"

తర్వాత గుమ్మంలోకి వెళ్ళి, కొత్త బొత్తాంతో నిలబడ్డ పాత సామాన్లతనితో "ఇవాళ ఏమీ లేదు, వెళ్ళు," అంది. తిరిగొస్తూ బావ ముందు ఆగింది.

"నా స్టూలు పొట్టిది చేసింది మీరు. ఇక అటక మీద నాకేం కావాలన్నా మీరే ఎత్తండి నన్ను."

"ఈ వయసులోనా?" అన్నాడు బావ.

"మళ్ళీ వయసంటారేం?"

అప్పట్నుంచీ ఆ లేతు వరండాలోనే ఉంది. అక్క జాకెట్లన్నిటికీ నీలం చుక్కలున్నాయి, ఉతికినా పోవు, నన్ను ఆ ముక్క మార్చి కుట్టనివ్వదు. బావ నడుముకి తైలం రాసుకుంటున్నాడు. అక్క కొత్త స్టూలు కొనదు, నేను కొనిస్తానన్నా వద్దంటుంది. నిన్న వెళ్ళేసరికి ఆవిణ్ణి ఎత్తి పట్టుకుని ఆయన ఎర్రబడి ఊగిపోతున్నాడు, ఆవిడ పైన తీరిగ్గా డబ్బాలు అటూ ఇటూ జరుపుతోంది. ఆ డబ్బాలన్నీ ఖాళీవని నాకు తెలుసు. పోయిన నెల నేనే కడిగి పెట్టాను.